భాగం 7: పివట్ బేరింగుల ఎంపిక – ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైక్ ఉదాహరణ

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
- పివట్ బేరింగ్ పనికీ, చక్రం బేరింగ్ పనికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
- బేరింగ్ మీది సంఖ్యను బట్టి లోపలి వ్యాసం చెప్పగలుగుతారు.
- పాత బేరింగ్ స్థానంలో సరైన కొత్త బేరింగ్‌ను కారణాలతో ఎంచుకోగలుగుతారు.

7.1 పరిచయం

ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైక్‌లో వెనక చక్రాన్ని మోసే భాగం ఫ్రేముకు కీళ్లతో కలిసి ఉంటుంది. రాయి ఎదురైనప్పుడు ఆ భాగం పైకి లేచి షాక్ అబ్సార్బర్‌ను నొక్కుతుంది. ఈ కీళ్లనే పివట్లు అంటారు. చాలా బైకుల్లో ఈ పివట్లలో చిన్న బాల్ బేరింగులు ఉంటాయి. అవి అరిగితే వెనక భాగం పక్కలకు ఊగుతుంది, కిర్రుమని చప్పుడు చేస్తుంది. అలాగే నడిపితే బేరింగ్ కూర్చునే గూడు కూడా పాడవుతుంది. అప్పుడు బేరింగుతో పోయే ఖర్చు ఫ్రేము దాకా వస్తుంది.

7.2 పివట్ బేరింగ్ పనిచేసే తీరు

మీ ఇంట్లోని సీలింగ్ ఫ్యాన్‌ను, తలుపు బందును పోల్చి చూడండి. ఫ్యాన్ ఆగకుండా గుండ్రంగా తిరుగుతుంది. బందు మాత్రం కొంత మేరకే అటూ ఇటూ కదులుతుంది. పివట్ బేరింగ్ బందు లాంటిది. అది కొద్ది డిగ్రీలే కదులుతుంది. కాని బైక్ ఎత్తునుంచి దిగినప్పుడు దానిపై పెద్ద భారం ఒక్కసారిగా పడుతుంది.

దీనివల్ల రెండు ఫలితాలు కలుగుతాయి. మొదటిది, ఎప్పుడూ అవే బంతులు, వలయంలోని అవే చోట్ల భారం మోస్తాయి. అక్కడ సన్నని గుంటలు పడతాయి. రెండవది, బేరింగ్ పూర్తిగా తిరగదు కనక గ్రీజు ఆ చోట్లకు తిరిగి చేరదు. బురదనీరు లోపలికి వెళ్తే తుప్పు మొదలవుతుంది. కాబట్టి ఇక్కడ చూడవలసినవి స్థిర భార సామర్థ్యం, సీలు. వేగం కాదు.

7.3 సంఖ్యను చదవడం

6902–2ఆర్ఎస్ అనే బేరింగ్‌ను తీసుకుందాం. 6 అంటే ఒకే వరస బంతులున్న రకం. 9 అంటే పలచని కొలతల శ్రేణి. 02 లోపలి వ్యాసానికి గుర్తు. 00 అంటే 10, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17 మిల్లీమీటర్లు. 04 నుంచి ఆ అంకెను 5తో గుణించాలి. 2ఆర్ఎస్ అంటే రెండువైపులా రబ్బరు సీళ్లు.

సీలింగ్ ఫ్యాన్లలో కనిపించే 6202 లోపలి వ్యాసం కూడా 15 మి.మీ. కాని దాని బయటి వ్యాసం 35, మందం 11 మి.మీ. 6902కు అవి 28, 7 మాత్రమే. కనక మూడు కొలతలూ సరిపోవాలి.

7.4 ఎంపికలో గమనించవలసినవి

అ) కొలత: సంఖ్య చెరిగిపోతే వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి. కొన్నింటిలో లోపలి వలయం బయటి వలయం కంటే వెడల్పుగా ఉంటుంది. రెండింటినీ విడిగా కొలవండి. వాటి బదులు మామూలు బేరింగ్ వేస్తే కదిలే భాగం ఫ్రేముకు రాసుకుంటుంది.

ఆ) బంతుల సంఖ్య: మామూలు బేరింగ్‌లో బంతులను దూరదూరంగా ఉంచే కేజ్ ఉంటుంది. పివట్ల కోసం కేజ్ తీసేసి, ఆ చోటు నిండా బంతులు నింపిన రకం దొరుకుతుంది. దీన్ని తరచు ‘మ్యాక్స్’ అంటారు. భారం ఎక్కువ బంతుల మధ్య పంచుకోవడం వల్ల స్థిర భార సామర్థ్యం పెరుగుతుంది. బంతులు ఒకదానికొకటి రాసుకుంటాయి కనక ఇది వేగంగా తిరిగే చక్రం హబ్‌కు తగదు.

ఇ) సీలు: రేకు మూత ఉన్న జడ్‌జడ్ రకం నీటిని ఆపలేదు. రబ్బరు సీలే ఎంచుకోండి.

ఈ) అనవసర ఖర్చు: అధిక వేగానికి ఉద్దేశించిన ఎబెక్ గ్రేడ్ పెంచుకోవడం వల్ల పివట్‌కు ప్రయోజనం ఉండదు.

7.5 బిగించేటప్పుడు జాగ్రత్త

బేరింగ్‌ను గూటిలోకి నెట్టేటప్పుడు బయటి వలయం మీదనే ఒత్తిడి పెట్టండి. లోపలి వలయాన్ని నొక్కితే ఆ బలం బంతుల మీదుగా పోయి, కొత్త బేరింగ్‌లోనే గుంటలు పడతాయి. సుత్తి బదులు ప్రెస్ వాడండి.

7.6 సారాంశం

పివట్ బేరింగ్ తక్కువ కదులుతుంది, ఎక్కువ మోస్తుంది. అందువల్ల సరైన కొలత, ఎక్కువ బంతులు, మంచి రబ్బరు సీలు దాని ఎంపికకు ఆధారాలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 6903, 6805 బేరింగుల లోపలి వ్యాసాలు ఎంత?
2. కేజ్ లేని బేరింగ్ పివట్‌కు తగినా, హబ్‌కు ఎందుకు తగదు?

జవాబులు: 1. 17 మి.మీ., 25 మి.మీ. 2. 7.4 (ఆ) చూడండి.