సముద్రపు నాచులో గంజి

'పీజీలో మీరు చేసే పనేమిటి?' అని ఇంట్లో అడిగితే, 'సముద్రపు నాచు నుంచి గంజి తీస్తాం' అని చెబుతాం. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు గనుక ఇంతకన్నా సులువైన మాట దొరకలేదు. మాట తప్పూ కాదు. అన్నం వార్చిన గంజిలో ఉండే పిండి పదార్థం గ్లూకోజ్ అణువుల గొలుసు. ఇలాంటి పొడవాటి చక్కెర గొలుసులనే పాలీశాకరైడ్లు అంటారు. నాచులోని గొలుసుల్లో చాలావాటికి సల్ఫేట్ కూడా అతుక్కుని ఉంటుంది. దాని రుణావేశం వల్ల అవి కొన్ని ప్రోటీన్లను పట్టుకోగలవు. శాస్త్రజ్ఞుల ఆశంతా అక్కడే.

ఎడ్లపాడు వాళ్లకు తెలిసిన సముద్రం సూర్యలంక. అది ఇసుక తీరం. నాచు పట్టు దొరకాలంటే రాయి కావాలి. విశాఖ రాళ్లమీద ఆకుపచ్చని అల్వా, గోధుమరంగు సర్గాసం పెరుగుతాయి.

అల్వాను మంచినీళ్లతో కడిగి ఇసుక, ఉప్పు పోగొట్టి, నీడన ఆరబెట్టి పొడి చేస్తారు. ఆల్కహాల్‌లో నానబెడితే పచ్చరంగు, కొవ్వు దిగిపోతాయి. తర్వాత 80–90 డిగ్రీల వేడినీటిలో రెండు మూడు గంటలు ఉంచితే గొలుసులు నీళ్లలోకి వస్తాయి. వడగట్టి, చిక్కబరచి, మూడు రెట్లు ఆల్కహాల్ పోయాలి. అప్పుడు తేటనీటిలో తెల్లగా పింజలు విడతాయి. పత్తి చేల మధ్య పెరిగిన మనకు ఆ పింజ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా! అదే అల్వాన్. సర్గాసంలో యాల్జినేట్ అడ్డొస్తుంది; కాల్షియం క్లోరైడ్ వేసి దాన్ని విడదీశాక ఫ్యుకాయిడాన్ తీస్తారు. దీన్ని 1913లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు కైలిన్ గుర్తించాడు.

వేడి గాని, ఆమ్లం గాని ఎక్కువైతే గొలుసు తెగుతుంది, సల్ఫేట్ రాలిపోతుంది. నాచు జాతి, కోసిన కాలం మారినా సరుకు మారుతుంది. అందుకే ఒక ల్యాబ్‌లో శుద్ధి చేసిన ఫ్యుకాయిడాన్‌కు వచ్చిన ఫలితం, అదే పేరుతో డబ్బాలో అమ్మే పొడికి వర్తించదు. పైగా పరీక్షనాళికలో కణాల మీద పోసినది వేరు, నోట మింగినది వేరు. ఇంత పెద్ద గొలుసులను మన జీర్ణరసాలు తెంచలేవు.

నాచు పదార్థాలు పనికిరావని కాదు. పుండ్ల మీది కట్లలో, పళ్ల డాక్టరు తీసే అచ్చులో, కొన్ని ఎసిడిటీ మందుల్లో యాల్జినేట్ ఉంది. సూక్ష్మజీవులను పెంచే అగార్ ఎర్ర నాచుదే. మిరప చేలకు కొట్టే ఇఫ్కో 'సాగరిక' కూడా నాచు రసమే. కాని కీళ్లనొప్పులు, షుగర్, కేన్సర్ అన్నీ పోతాయనే మాట వేరు. గోధుమరంగు నాచు నుంచి చేసిన ఒక అల్జీమర్స్ మందుకు చైనా 2019లో షరతులతో అనుమతి ఇచ్చింది. ఆధారాలు చాలవని ఎందరో ప్రశ్నించారు; 2024లో ఆ అనుమతి గడువు తీరిపోయింది.

కూలి డబ్బు కూడబెట్టి ఇలాంటి డబ్బాలు కొనే ఇళ్లు మనవే గనుక ఇంకో సంగతి. ఫ్యుకాయిడాన్‌కు రక్తం గడ్డకట్టకుండా చేసే గుణం ఉన్నట్టు ప్రయోగాల్లో కనిపించింది. గుండెజబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా దాన్ని ముట్టరాదు. గోధుమరంగు నాచు పొడిలో అయొడిన్ బాగా ఉండవచ్చు, థైరాయిడ్ ఉన్నవాళ్లు కూడా అడిగే వాడాలి.