తొండం మోట

మొన్న రామప్ప గుడికి పోయినప్పుడు మా మనవరాలు పీఠం చుట్టూ తిరుగుతూ ఏనుగులను లెక్కపెట్టసాగింది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. పీఠం పొడవునా రాతిలో ఏనుగుల బారు. "తాతా, అప్పట్లో బరువులన్నీ ఏనుగులే లాగేవా?" అంది. ఏనుగు రాజుల కొలువుది బిడ్డా, మనకు ఎద్దే దిక్కు. కానీ మన బావి కాడ కూడా ఒక తొండం ఉండేది, విను.

వరంగల్ పల్లెల్లో చెరువు నీళ్లు అందని పొలాలకు ఒకప్పుడు మోట బావే ఆధారంగా ఉండేది. బావి గట్టున గిరక. దాని మీదుగా మోకు, ఒక కొసకు బొక్కెన, మరో కొసకు ఎడ్ల కాడి. ఎడ్లు నడిచే దారి బావి నుంచి పల్లానికి దిగుతుంది. శాస్త్రమంతా ఆ వాలులోనే ఉంది. చదును నేల మీద ఎద్దు గంటల తరబడి లాగాలంటే తన బరువులో పదో వంతు పాటి బలమే పెట్టగలదు. చెరి 400 కిలోల జోడెడ్లయితే 80 కిలోలన్నమాట. దారి ఐదడుగులకు ఒక అడుగు దిగుతుందనుకో, వాటి ఒంటి బరువే ఇంకో 160 కిలోల బలమై మోకును గుంజుతుంది. మోట తోలే మనిషి కూడా దిగేటప్పుడు మోకు మీద కూర్చునేవాడు, ఆయన బరువూ కలిసేది.

ఇక తొండం. బొక్కెన అడుగున తోలుగొట్టం ఉంటుంది. పైకి వచ్చేటప్పుడు సన్నతాడు దాని మూతిని ఎత్తి పట్టుకుంటుంది కాబట్టి నీళ్లు కారవు. గట్టు చేరగానే బొక్కెన పైకి పోతుంది, తొండం కాలువ వైపు వాలుతుంది. నీరు పల్లమెరుగు కదా, మనిషి చెయ్యి పడకుండానే ఒలికిపోతుంది.

150 లీటర్ల బొక్కెన పది మీటర్ల లోతు నుంచి నిమిషానికొకటి వచ్చిందనుకుంటే అది 245 వాట్ల పని. నేటి ఐదు హార్స్‌పవర్ మోటారు దానికి పదిహేను రెట్లు. మోటారు వచ్చాక మోట ఆగిపోవడంలో వింతేముంది?

నన్ను ఇప్పటికీ అబ్బురపరిచేది లెక్క కాదు, ఎద్దు నడక. బొక్కెన మళ్లీ నీళ్లలోకి దిగాలంటే ఎడ్లు వెనకడుగు వేస్తూ ఎక్కాలి. ఎద్దు కళ్లు తలకు ఇరుపక్కలా ఉంటాయి. దాదాపు చుట్టూ కనపడుతుంది, ఒక్క సరిగ్గా వెనక తప్ప. ఆ వెనకే బావి! అందుకే కొత్త కోడెను పనెరిగిన ఎద్దు పక్కన కట్టి, గొంతుతో అదిలిస్తూ, ఓపికతో నేర్పేవారు. కంటికి కనపడని చోటికి అది మనిషి మాటను నమ్మి నడిచేది. అలా పొద్దుటి నుంచి వందలసార్లు. ఆ నమ్మకాన్ని కర్రతో కొట్టి తెచ్చుకోలేం.

మీ ఊళ్లో పాత మోట బావి ఉంటే పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని వెళ్లి చూడండి. గట్టు నుంచి పల్లానికి దిగే వాలు కనిపిస్తే, అది ఎడ్లు నడిచిన దారి.