లోగిలి నడుమ ఆకాశం

గోదావరి తీరంలోని పాత గ్రామాల వీధులలో నడిచేవారికి కొన్ని ఇళ్లు బయటనుంచి ఎంతో సాదాగా కనిపిస్తాయి. కిందికి వాలిన పెంకుల చూరు, వీధి అరుగు, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన గడప, మామిడి తోరణం... ఇంతే. ఆ గడప దాటి నాలుగడుగులు లోపలికి వేసి తలెత్తి చూసినవారు మాత్రం విస్మయం చెందుతారు. ఇంటి నడిబొడ్డున కప్పు లేదు! నేరుగా ఆకాశమే దర్శనమిస్తుంది. అదే మన పెద్దలు కట్టుకున్న మండువా లోగిలి.

మండువా మర్మం

మధ్యలో చతురస్రంగా, కాస్త పల్లంగా ఉండే ఖాళీ స్థలమే మండువా. దాని నాలుగు వైపులా చావడులు, వాటిని మోసే టేకు స్తంభాలు, ఆ వెనుక గదులు, పైన అటకలు, ఒక పక్క దేవుడి గది. సింహద్వారం పైకమ్మీ మీద గజలక్ష్మి, పద్మాలు, చిలుకలు చెక్కి ఉంటాయి. చాలా ఇళ్లలో వీధి గుమ్మం, మండువా, పెరటి గుమ్మం ఒకే వరుసలో ఉండి, వీధిలో నిలిచినవారికి పెరటి తులసికోట కనిపిస్తుంది.

ఈ నిర్మాణంలో పంచభూతాలకూ చోటుంది. నాలుగు కప్పులూ లోపలికి వాలి ఉండటంతో వాననీరు మండువాలోకి జారుతుంది. గంగాళాలలో పట్టుకోగా మిగిలినది తూము గుండా బయటికి పోతుంది. వేసవిలో వేడిగాలి పైకి వెళ్లిపోతుంటే ద్వారాల గుండా కొత్తగాలి లోనికి వస్తుంది. కాళ్ల కింద భూమి, వంటింట అగ్ని, నడుమ ఆకాశం. గృహస్థు ఇంటి మధ్యలోనే నిలబడి సూర్యునికి అర్ఘ్యమిచ్చేవాడు. పెళ్లి జరిగిన రాత్రి నూతన వధువుకు అరుంధతీ నక్షత్రాన్ని అక్కడినుంచే చూపించేవారు.

బ్రహ్మస్థానం ఎందుకు ఖాళీ?

ఇంత విలువైన నడిమి స్థలాన్ని వాడుకోకుండా ఎందుకు వదిలారన్న సందేహం మీకు కలగవచ్చు. వరాహమిహిరాచార్యుల బృహత్సంహితలో వాస్తు మండలాన్ని 81 పదాలుగా విభజించి, వాటిలో 45 మంది దేవతలను నిలిపారు. నట్టనడుమ ఉన్న 9 పదాలు బ్రహ్మదేవునివి. ఆ చోటును ఎంగిలి మొదలైన అశుచి సోకకుండా గృహస్థు ప్రయత్నపూర్వకంగా కాపాడుకోవాలని ఆ గ్రంథం చెబుతుంది. ఇంటిలోని శ్రేష్ఠమైన భాగం ఏ ఒక్కరి సొంతమూ కాదని, అది భగవంతునిదని దీనిలోని అంతరార్థం. కేరళలోని నాలుకెట్టు గృహాలలోనూ ఇలాగే నడుమ ముంగిలి ఉంటుంది.

ఆ లోగిళ్లలో లోపమే లేదనడం సత్యం కాదు. అరుగు దగ్గరే ఆగిపోవలసి వచ్చిన మనుషులు ఆనాడు ఎందరో ఉన్నారు. భర్తను పోగొట్టుకుని చీకటి గదికే పరిమితమైన స్త్రీలూ ఉన్నారు. ఇంటి నడుమకు ఆకాశాన్ని ఆహ్వానించినవారు సాటి మనిషిని గడప బయటే నిలపడం తగని పని. ఆకాశానికి లేని భేదం మనకెక్కడిది?

ఇల్లు పోతే మిగిలేదేమిటి?

కొన్నేళ్ల కిందట అటువంటి ఒక లోగిలికి నన్ను పిలిపించారు. అన్నదమ్ములు వాటాలు వేసుకుని, ఇల్లు విప్పి స్థలం అమ్మదలచారు. దేవతార్చన మందసాన్ని కదపడానికి మంచిరోజు చూడమన్నారు. నేను పంచాంగం తెరుస్తుండగా ఆ ఇంటి పెద్దావిడ నెమ్మదిగా వచ్చి కూర్చున్నారు.

"శాస్త్రులుగారూ! పట్నంలో మా అబ్బాయి ఇంట్లో ఈ మందసం పట్టే చోటు లేదు. కాపురానికి వచ్చిన నాటినుంచి ఈ మండువాలో నిలబడే సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకున్నాను. ఇకమీదట అలమార ముందు నేను చేసేది పూజేనంటారా?" అని అడిగారు.

నాకు వెంటనే మాట పెగలలేదు. తిథి వార నక్షత్రాలలో ఆ ప్రశ్నకు సమాధానం లేదు. అది ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదవ అధ్యాయంలో ఉంది. ఈ శరీరం ఒక బ్రహ్మపురమనీ, దానిలో పద్మాకారమైన చిన్న గృహమున్నదనీ, ఆ గృహంలో సూక్ష్మమైన ఆకాశమున్నదనీ అక్కడ ఉపదేశం. చూడటానికి చిన్నదే అయినా, బయటి ఆకాశం ఎంతటిదో ఆ లోపలి ఆకాశం అంతటిదట. సూర్యచంద్రులు, అగ్ని, వాయువు, నక్షత్రాలు సమస్తమూ అందులోనే ఉన్నాయట. దీనినే దహరవిద్య అంటారు.

అక్కడే శిష్యులు అడగదగిన ఒక సందేహాన్ని కూడా ఉపనిషత్తు ప్రస్తావించింది. ఈ పురానికి ముసలితనం వచ్చి అది కూలిపోతే, ఇక మిగిలేదేమిటి? దేహం వార్ధక్యం పొందినా ఆ లోపలి తత్త్వం ముసలిది కాదు, దేహం నశించినా అది నశించదని గురువు చెప్పవలసిన సమాధానం. అదే నిజమైన బ్రహ్మపురం.

ఇదంతా ఆ తల్లికి నాకు చేతనైన మాటలలో చెప్పాను. "అమ్మా! ఇన్నేళ్లూ మీరు మండువాలో నిలబడి చూసిన ఆకాశం మీ హృదయంలో చేరి ఉంది. దానిని ఎవరూ వాటాలు వేయలేరు. అలమార ముందైనా, కిటికీ ముందైనా అది మీ వెంటే వస్తుంది" అన్నాను. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, "అయితే మంచిరోజు చూడండి బాబూ" అన్నారు.

చిన్న ఇంటిలోనూ సాధ్యమే

పాఠక మహాశయులారా! మనలో చాలామందికి ఇప్పుడు మండువా కట్టుకునే వీలు లేదు. అపార్టుమెంటులో రెండు గదులు ఉంటే అదే భాగ్యం. అయినా ఆ పెద్దల సంకల్పాన్ని నిలుపుకోవచ్చు. మీ ఇంట నాలుగడుగుల చోటును ఏ సామానూ పెట్టకుండా శుభ్రంగా ఉంచండి. తూర్పు వెలుగు వచ్చే కిటికీ ఉంటే దానికి అడ్డంగా బీరువా పెట్టకండి. సంధ్యవేళ అక్కడ దీపం వెలిగించి, ఇంటిల్లిపాదీ కొద్దిసేపు మౌనంగా కూర్చోండి. పాత లోగిలి ఇంకా నిలిచి ఉన్నవారు దానిని విప్పేముందు ఒక్కసారి పిల్లలను తీసుకువెళ్లి ఆ మండువాలో నిలబెట్టండి. తలెత్తి చూడమనండి. తాతముత్తాతలు ఇంటి నడుమ ఎవరికి చోటు ఇచ్చారో వారికి చెప్పండి.

దేవాలయంలో మనం వెలుతురునుంచి గర్భగుడి చీకటిలోకి వెళ్లి, అక్కడి చిన్న దీపపు కాంతిలో స్వామిని దర్శిస్తాం. లోగిలిలో నీడపట్టునుంచి నడిచి వెళ్లి నడుమ వెలుగును చూస్తాం. రెండు చోట్లా మన నడక లోపలికే. ఆ నడక అలవాటైనవారికి హృదయంలోని చిన్న ఇంటి తలుపు ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకుంటుంది.

స్వస్తి.