పట్టి వదిలిన కుందేలు

ఒక అడవిలో కుందేళ్ళు ఎన్ని ఉన్నాయో చెప్పమంటే ఎలా చెబుతారు? తరగతిలో మీలాగా అవి హాజరు పలకవు. పగలంతా పొదల్లో నక్కి ఉంటాయి. చీకటి పడ్డాక మేతకు బయలుదేరతాయి. అందుకని శాస్త్రజ్ఞులు వాటిని ప్రాణంతో పట్టి, గుర్తు పెట్టి, తిరిగి వదిలేస్తారు. ఇంత కష్టం దేనికంటారా? కెనడా కుందేళ్ళ కథ వినండి.

ఆ దేశపు ఉత్తర అడవుల్లో ఒక జాతి కుందేలు ఉంది. వేసవిలో గోధుమ రంగుగా ఉండి, శీతాకాలంలో మంచులా తెల్లబడుతుంది. దాన్ని తిని బతికే పెద్ద అడవిపిల్లి పేరు లింక్స్. వేటగాళ్ళు తెచ్చిన లింక్స్ తోళ్ళ లెక్కలను హడ్సన్ బే కంపెనీ వంద సంవత్సరాలకు పైగా రాసి ఉంచింది. 1942లో చార్లెస్ ఎల్టన్, మేరీ నికల్సన్ ఆ లెక్కలను పరిశీలించి ప్రచురించారు. సుమారు పదేళ్ళకొకసారి లింక్స్‌ల సంఖ్య బాగా పెరిగి, పడిపోతోంది. ముందుగా కుందేళ్ళు పెరుగుతాయి, వాటి వెనకనే లింక్స్‌లు. అయితే కుందేళ్ళు ఎందుకు తగ్గిపోతున్నాయి? మేత చాలకనా, శత్రువుల వల్లనా? చచ్చిన జంతువు తోలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

1986లో చార్లెస్ క్రెబ్స్, ఆయన సహచరులు యూకాన్ ప్రాంతంలో క్లువేన్ సరస్సు దగ్గర పదేళ్ళ ప్రయోగం మొదలుపెట్టారు. వాళ్ళు వాడిన బోను మన ఎలుకబోనుకు పెద్దన్న వంటిది. ఇనుప తీగలతో అల్లిన పొడవాటి పెట్టె. లోపల మేత ఉంటుంది. మన పాడి రైతులు పశువులకు వేసే లూసర్న్ గడ్డే! కుందేలు లోపలి పలక మీద కాలు పెట్టగానే తలుపు పడిపోతుంది. బోనులు సాయంత్రం పెట్టి తెల్లవారగానే చూడాలి. ఆలస్యమైతే చలికి, భయానికి జంతువు ప్రాణం మీదికి వస్తుంది.

బయటికి తీయడం ఇంకా సున్నితమైన పని. చెవులు పట్టి ఎత్తకూడదు. వెనక కాళ్ళకు ఆధారం లేకపోతే కుందేలు గట్టిగా తన్నుకుని తన వెన్నెముక తానే విరగ్గొట్టుకోగలదు. అందుకే గుడ్డసంచిలోకి తోలి, తూచి, చెవికి అంకె వేసిన చిన్న లోహపు బిళ్ళ తగిలించి వదిలేస్తారు. (మీరు మాత్రం ప్రయత్నించకండి. మన చెవులపిల్లిని అనుమతి లేకుండా పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.)

ఇప్పుడు లెక్క. మొదట 40 కుందేళ్ళకు బిళ్ళలు వేశారనుకోండి. కొన్నాళ్ళకు మళ్ళీ 50 పట్టారు. వాటిలో 10కి బిళ్ళలున్నాయి. అంటే అయిదింట ఒకటి. కాబట్టి ఆ 40 మొత్తంలో అయిదోవంతు. మొత్తం 200! డబ్బా నిండా చింతపిక్కలు పోసి, కొన్నింటికి సున్నం బొట్టు పెట్టి కలిపి, గుప్పెడు తీసి మీరూ లెక్క వేయవచ్చు. కాని పిక్కలకు తిండియావ లేదు, కుందేళ్ళకు ఉంది. లూసర్న్ రుచి మరిగినవి పదేపదే బోనులోకి వస్తాయి. 50లో 20 బిళ్ళలవే అయితే మొత్తం 100 అని తేలుతుంది, సగానికి సగం తప్పు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్న సామెత ఇక్కడ పనికిరాదు. మళ్ళీ మళ్ళీ పట్టి సరిచూసుకోవలసిందే.

క్లువేన్‌లో చదరపు కిలోమీటరు చొప్పున అడవిని ఎంచుకున్నారు. ఒకచోట అదనంగా మేత వేశారు. ఒకచోట లింక్స్ వంటి జంతువులు రాకుండా విద్యుత్ కంచె కట్టారు. ఇంకొకచోట రెండూ చేశారు. ఏమీ చేయని అడవితో పోలిస్తే మేత వేసినచోట కుందేళ్ళు సగటున 3 రెట్లు, కంచె ఉన్నచోట 2 రెట్లు ఉన్నాయి. రెండూ ఉన్నచోట? 6 రెట్లు అంటారేమో. 11 రెట్లు! మేత, శత్రువు అన్నవి వేరువేరు కారణాలు కావన్నమాట. కడుపు నిండని కుందేలు మేత కోసం ఎక్కువ తిరిగి శత్రువు కంటబడుతుంది.

కొన్నింటి మెడకు రేడియో పట్టీ కూడా కట్టారు. కుందేలు గంటల తరబడి కదలకపోతే ఆ పట్టీ సంకేతం మారుతుంది. వెంటనే వెళ్ళి ఆనవాళ్ళు చూసేవారు. చావులు దాదాపు అన్నీ లింక్స్, కొయోటీ, డేగ, గుడ్లగూబల వల్లనే. ఆకలితో నేరుగా చచ్చినవి బహు కొద్ది.

మరొక చిక్కు మిగిలింది. లింక్స్‌లు తగ్గిపోయాక కూడా కొన్నేళ్ళపాటు కుందేళ్ళు పుంజుకోవు. ఎందుకని? చూలుతో ఉన్న ఆడ కుందేళ్ళను పట్టి ఆవరణల్లో ఉంచి, కొన్నింటి దగ్గరికి రోజు విడిచి రోజు శిక్షణ పొందిన కుక్కను కాసేపు తీసుకెళ్ళారు. ఆ ఫలితాలు 2009లో వెలువడ్డాయి. కుక్క ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. అయినా దాన్ని చూసిన తల్లులకు బతికిన పిల్లలు తక్కువ పుట్టాయి. పుట్టినవి కూడా చిన్నవిగా, బరువు తక్కువగా ఉన్నాయి.