ప్రయోగం హిట్ అయితే కెమెరా ఫట్! న్యూట్రాన్ల దెబ్బ నుంచి ఫొటోని ఎలా కాపాడతారు?

ఐపీ68 రేటింగ్ ఉంటే నీళ్లూ దుమ్మూ గురించి మనం పెద్దగా పట్టించుకోం. అమెరికాలోని లివర్‌మోర్‌లో మాత్రం కొన్ని కెమెరాలకి శత్రువు న్యూట్రాన్లు.

అక్కడున్నది నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ, షార్ట్‌గా ఎన్ఐఎఫ్. చిన్న లోహపు డబ్బాలో ఆవగింజంత ఇంధన గుళిక పెట్టి, 192 లేజర్ కిరణాలతో ఆ డబ్బాని ఒక్కసారిగా వేడెక్కిస్తారు. గుళిక నలిగి ప్లాస్మాగా మారి, ఫ్యూజన్ జరుగుతుంది. 2022 డిసెంబర్ 5న 2.05 మెగాజూళ్ల లేజర్ శక్తి ఇస్తే 3.15 మెగాజూళ్లు బయటికొచ్చాయి. ఆ లెక్కన పుట్టిన న్యూట్రాన్లు దాదాపు ఒకటి పక్కన 18 సున్నాలు!

గుళిక గుండ్రంగా నలిగిందా, వంకరపోయిందా అన్నది ఎక్స్-రే ఫొటోలో తెలుస్తుంది. చిక్కేంటంటే, ప్రయోగం ఎంత బాగా జరిగితే అన్ని ఎక్కువ న్యూట్రాన్లు. అంటే అన్నిటికంటే ముఖ్యమైన ఫొటోనే తీయడం అన్నిటికంటే కష్టం.

లేజర్ దెబ్బకి ఎలక్ట్రాన్లు ఎగిరిపోయి పుట్టే విద్యుదయస్కాంత పల్స్ ఇంకో తలనొప్పి. దాన్ని ఆపడానికి ఎలక్ట్రానిక్స్‌ని లోహపు పెట్టెలో మూసేస్తారు. న్యూట్రాన్లు అలాంటి పెట్టెని లెక్కచేయవు. సెన్సర్‌ని తాకి ఫొటో నిండా తెల్ల చుక్కలు నింపుతాయి, సిలికాన్ అణువుల్ని చోటు తప్పిస్తాయి.

నాకు బాగా నచ్చిన ట్రిక్ ఇక్కడే ఉంది. ఎక్స్-రేలు కాంతి వేగంతో వస్తాయి. న్యూట్రాన్ల వేగం అందులో ఆరో వంతు. 7 మీటర్ల దూరానికి ఎక్స్-రేలకి సుమారు 23 నానోసెకన్లు పడితే, న్యూట్రాన్లకి దాదాపు 137. ఏరియాన్ అనే పరికరం ఈ గ్యాప్‌నే వాడుకుంటుంది. ముందొచ్చిన ఎక్స్-రేల బొమ్మ ఒక ఫాస్ఫర్ తెర మీద వెలుగుతుంది. తర్వాత న్యూట్రాన్లు వచ్చి సీసీడీ సెన్సర్ నిండా చెత్త నింపుతాయి. కెమెరా ఆ చెత్తంతా పారబోసి, తెర మీద ఇంకా ఆరిపోని వెలుగుని మళ్లీ పట్టుకుంటుంది. మా భాషలో చెప్పాలంటే, బఫర్ ఫ్లష్ చేసి మళ్లీ రీడ్ చేయడమే! కొంత వెలుతురు పోతుంది, ఫొటో మాత్రం దక్కుతుంది.

సిలికాన్‌కి జరిగే శాశ్వత డ్యామేజీకి ఈ ట్రిక్ పనికిరాదు. దానికి దూరమే మందు. దగ్గర్నుంచి తీయక తప్పని చోట కొన్ని కెమెరాల్లో సెన్సరే తీసేసి పాతకాలం ఫిల్మ్ పెట్టారు. న్యూట్రాన్లకి ఫిల్మ్ అంతగా స్పందించదు. ఇబ్బందల్లా ఒక్కటే: ఛాంబర్‌లో రేడియేషన్ తగ్గేదాకా ఎవరూ లోపలికెళ్లి దాన్ని బయటికి తీయలేరు.