అక్షరం పేరు, అక్షరం పలుకు: రూనిక్ లిపి నుండి ప్రసంగీకులకు ఒక పరిశీలన

మన తెలుగు బైబిలులో 119వ కీర్తన తెరిస్తే ప్రతి ఎనిమిది వచనాలకు పైన ఆలెఫ్, బేత్, గీమెల్ అనే శీర్షికలు కనిపిస్తాయి. ఇవి హెబ్రీ అక్షరాల పేర్లు. ఆలెఫ్ అనగా ఎద్దు, బేత్ అనగా ఇల్లు. ఈ పేర్లను ఆధారం చేసుకొని, ఒక హెబ్రీ పదాన్ని అక్షరాలుగా విడదీసి, ఒక్కొక్క అక్షరం పేరుకు అర్థం చెప్పి, ఆ అర్థాలను కలిపి ప్రసంగించే పద్ధతి ఇటీవల మన వేదికలపై వినబడుతున్నది. యెహోవా నామములోని యోద్ అంటే చేయి, వావ్ అంటే మేకు, కాబట్టి మేకులు కొట్టబడిన చేయి ఆ నామములోనే దాగి ఉన్నదని చెబుతారు. వినడానికి ఇంపుగానే ఉంటుంది. అయితే అక్షరం పేరు వేరు, అది పలికే శబ్దం వేరు, దానితో వ్రాసిన మాటకు అర్థం వేరు. ఈ మూడింటి సంబంధాన్ని తేటపరచడానికి మేము ఈ వ్యాసంలో ఉత్తర ఐరోపాలో జర్మానిక్ జాతులు వాడిన రూనిక్ అక్షరాలను తీసుకొంటున్నాము. హెబ్రీ అక్షరాల మీద మనకున్న భక్తిభావం ఇక్కడ అడ్డు రాదు గనుక విషయం సులువుగా కనబడుతుంది.

క్రీ.శ. 2వ శతాబ్దం నాటికే ఈ లిపి వాడుకలో ఉన్నది. డెన్మార్కులోని వీమోస్‌లో దొరికిన, సుమారు 160 నాటి ఒక దువ్వెనపై 'హర్య' అని ఐదు అక్షరాలు చెక్కి ఉన్నాయి. స్వీడనుకు చెందిన గోట్లాండ్ ద్వీపంలోని కీల్వర్ రాతిపై, సుమారు 400 నాటిది, 24 అక్షరాల వరుస కనిపిస్తుంది. మొదటి ఆరు అక్షరాల శబ్దాలను కలిపి ఈ వరుసను 'ఫుథార్క్' అంటారు. కర్రపై కత్తితో చెక్కడానికి అనువుగా ఇవి నిలువు గీతలు, వాలు గీతలతో ఏర్పడ్డాయి. తాటాకుపై గంటంతో వ్రాసిన మన అక్షరాలు గుండ్రబడినట్లే.

ప్రతి రూనిక్ అక్షరానికీ ఒక పేరు ఉన్నది. 'ఫ' శబ్దానికి ఫెహు, అనగా పశువులు, తద్వారా సొత్తు. (కొన్ని తెలుగు ప్రాంతాలలో 'సొమ్ములు' అంటే పశువులే.) 'ఉ' శబ్దానికి ఊరుజ్, అడవి ఎద్దు. 'ర' శబ్దానికి రైదో, ప్రయాణం. 'స'కు సూర్యుడు, 'మ'కు మనుష్యుడు, 'ఇ'కి మంచు. 'త' శబ్దానికి తీవజ్, అది ఒక దేవుని పేరు. 'అ' శబ్దానికి అన్సుజ్, అదీ దేవతలను సూచించే మాటే. ఈ ప్రాచీన రూపాలు పండితులు పునర్నిర్మించినవి. తరువాతి కాలపు ఆంగ్ల, నార్వే, ఐస్లాండు పద్యాలలో నిలిచిన పేర్లు వాటికి ఆధారం. ఆంగ్ల పద్యపు వ్రాతప్రతి 1731లో లండనులో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. 1705లో జార్జ్ హిక్స్ దానిని అచ్చు వేయించి ఉండబట్టి మనకు దక్కింది.

పేరులోని మొదటి శబ్దమే ఆ అక్షరపు శబ్దం. మన వాచకాలలో 'అ అమ్మ, ఆ ఆవు' అన్నట్లే. అయితే 'ఙ'కు దగ్గరగా పలికే ఒక రూనిక్ అక్షరం ఉన్నది. ఆ శబ్దంతో మొదలయ్యే మాట వారి భాషలో లేదు. అందుచేత ఆ శబ్దం లోపల గల 'ఇంగ్వజ్' అనే పేరును దానికి పెట్టుకొన్నారు. మన పిల్లలకు 'ణ' నేర్పవలసి వచ్చినప్పుడు వీణ బొమ్మ చూపిస్తాము గదా, అదే ఉపాయం. శబ్దం ముందు, పేరు దాని వెనుక. 'ఆ ఆవు' అని చదువుకొన్నవాడు 'ఆకలి' అనే మాటలో ఆవును వెదకడు. ఫెహు పేరు తెలిసిన జర్మానిక్ శిల్పి కూడా తాను చెక్కిన ప్రతి 'ఫ'లో పశువులను చూడలేదు.

కొన్నిసార్లు పేరే అక్షరాన్ని తన వెంట లాగింది. 'య' శబ్దానికి యేర, అనగా సంవత్సరం, అనే పేరుండేది. ఉత్తరదేశాల భాషలో ఆ మాట మొదటి 'య' జారిపోయి 'ఆర్' అయింది. దానితో అక్షరపు శబ్దమే 'అ'గా మారిపోయింది. దేవతల పేరైన అన్సుజ్ ఇంగ్లండులో 'ఓస్' అయి, 'ఒ' శబ్దాన్ని పలికింది. అక్కడి పద్యం దానిని మాటకు మూలమని వర్ణిస్తుంది. లాటిన్లో 'ఓస్' అంటే నోరు గనుక పద్యకర్త ఆ అర్థమే తలచి ఉండవచ్చునని పలువురి అభిప్రాయం. రాక్షసుడు అనే అర్థం గల 'థురిసజ్' ఇంగ్లండులో 'థార్న్', అనగా ముల్లు, అయింది. పేరు మారింది, శబ్దం మారలేదు. ఆ అక్షరాన్నే ఆంగ్ల సంఘము లాటిన్ అక్షరాల నడుమ చేర్చుకొని సువార్తలను వ్రాసుకొన్నది.

శబ్దం జారిపోవడం మనకు కొత్త కాదు. కడప జిల్లా కలమళ్లలో సుమారు 575 నాటి రేనాటి చోళుల శాసనకాలానికి తెలుగులో 'ఴ' అనే అక్షరం ఉండేది. తమిళంలో కోడిని, ఏడు అనే సంఖ్యను ఇప్పటికీ ఆ శబ్దంతోనే పలుకుతారు. మనకు అది 'డ' అయిపోయింది, అక్షరమూ వాడుక తప్పింది. రుద్రంగి, వేములవాడ ప్రాంతాలలో సేవ చేసేవారికి ఇంకా దగ్గరి సాక్ష్యం గంగాధర మండలం కురిక్యాల వద్ద బొమ్మలగుట్టపై ఉన్నది. వేములవాడ చాళుక్యుల కాలంలో, 10వ శతాబ్దంలో, పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన జైన శాసనమది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలలో ఉన్నది, తెలుగులో మూడు కంద పద్యాలు ఉన్నాయి. జైనుడు చెక్కించిన ఆ లిపి నుండి పెరిగిన అక్షరాలతోనే మన బైబిలు అచ్చయింది. మన పిల్లలు నేర్చే 'ఓనమాలు' అనే మాటలో 'ఓం నమః' ఉన్నదని ఏ తల్లిదండ్రులూ బడి మాన్పించలేదు.

సంఘము రూనిక్ అక్షరాలను ఎలా చూచినదో చెప్పడానికి మొదట గోతుల బిషపు వుల్ఫిలాను తలచుకోవాలి. 4వ శతాబ్దంలో బైబిలును గోతుల భాషలోనికి తర్జుమా చేయడానికి ఆయన ఒక లిపిని కూర్చాడు. అందులో అధికభాగం గ్రీకు, కొన్ని లాటిన్ అక్షరాలు, ఒకటి రెండు రూనిక్ నుండి వచ్చినవని పండితులు భావిస్తారు. (క్రీస్తు స్వభావం విషయంలో ఆయన బోధ నీకయ విశ్వాసానికి భిన్నమైనదన్న సంగతి విద్యార్థులు మరువకూడదు.) మార్కు 4:11లో మనకు 'మర్మము' అని ఉన్నచోట ఆయన 'రూనా' అనే మాట వాడాడు. మత్తయి 27:1లో యాజకులు చేసిన ఆలోచనకు కూడా అదే మాట. రహస్యం, గుసగుస, ఆలోచన అనే అర్థాలు గల ఆ సాధారణ పదాన్ని దేవుని రాజ్య మర్మమునకు వాడటానికి ఆయన జంకలేదు.

698లో ఇంగ్లండులో బిషపు కత్‌బర్ట్ దేహం ఉంచిన పెట్టెపై సువార్తికుల పేర్లు చెక్కారు. మత్తయి, మార్కు, యోహాను పేర్లు రూనిక్‌లోను, లూకా పేరు లాటిన్ లిపిలోను ఉన్నాయి. స్కాట్లాండులోని రుత్‌వెల్ సిలువపై 8వ శతాబ్దంలో, సిలువయే తన కథ చెప్పుకొన్నట్లుగా ఒక కవితా భాగాన్ని రూనిక్‌లో చెక్కారు. 17వ శతాబ్దంలో విగ్రహమని తలచి ఆ సిలువను పగులగొట్టారు. 19వ శతాబ్దంలో ఆ ఊరి కాపరి హెన్రీ డంకన్ ముక్కలను ఏరి మరల నిలబెట్టాడు.

మంత్రప్రయోగం అసలు లేదని మేము అనడం లేదు. 'అలు' అనే మాటను రక్షరేకుల వంటి బంగారు బిళ్లలపై వ్రాసుకొన్నారు. అయితే నేడు ప్రచారంలో ఉన్నదానిలో చాలా భాగం కొత్త కల్పనే. ఆస్ట్రియా దేశస్థుడైన గీడో ఫాన్ లిస్ట్ 1908లో 18 రూనిక్ అక్షరాలను తానే కూర్చి, సూర్యుని పేరు గల అక్షరానికి విజయం అనే అర్థం అంటగట్టాడు. తరువాత హిట్లరు ఎస్.ఎస్. దళం దానిని జంటగా చేసి తన గుర్తుగా ధరించింది. సోదె చెప్పడానికి వాడే రూనిక్ బిళ్లలలో ఏమీ వ్రాయని ఖాళీ బిళ్ల ఒకటి ఉంటుంది. అది 1982లో రాల్ఫ్ బ్లమ్ పుస్తకంతో వ్యాపించింది, ప్రాచీనులకు తెలియదు. అక్షరాన్ని శబ్దం నుండి విడదీసినవానికి దాని మీద ఏ అర్థమైనా వ్రాయడానికి చోటు దొరుకుతుంది.

ఈ చోటు మన ఊళ్లలోనూ ఉన్నది. అశ్వినిలో పుట్టిన బిడ్డకు చూ, చే, చో, లా అక్షరాలతో పేరు పెట్టాలని చెబుతారు. తాయెత్తులో రేకుపై బీజాక్షరాలు వ్రాసి కడతారు. బాప్తిస్మము పొందిన కుటుంబం అదే తాయెత్తులో వాక్యపు చీటీ పెట్టి బిడ్డ మెడలో వేసినప్పుడు కాపరి ఏమి చెప్పాలి? యోద్‌లో చేయి, వావ్‌లో మేకు దాగి ఉన్నాయని వేదిక మీద బోధించినవాడు ఆ ఇంట నోరు తెరవలేడు. అక్షరంలోనే ఏదో ఉన్నదని ఆ కుటుంబానికి నేర్పినది ఆ ప్రసంగమే గదా.

ఇంతకూ 119వ కీర్తన వ్రాసినవాడు అక్షరాలను ఎలా వాడాడు? ఆలెఫ్ భాగంలో ఎద్దు లేదు. బేత్ భాగంలో ఇల్లు లేదు, అక్కడి వచనాలు 'బ' శబ్దంతో మొదలవుతాయి, అంతే. హెబ్రీలో ఇల్లు అనే మాట 54వ వచనంలో, జాయిన్ భాగంలో, వస్తుంది. కఫ్ అనగా అరచేయి, ఆ మాట 48లోను, 109లోను ఉన్నది, కఫ్ భాగంలో లేదు. యోద్ భాగం మాత్రం 73వ వచనంలో దేవుని చేతులతోనే మొదలవుతుంది. హెబ్రీలో చేయి అనే మాటకు మొదటి శబ్దం 'య' గనుక అది అక్కడ సరిగ్గా అమరింది.