ఒక్క క్రెడిట్ ల్యాబ్ గట్టెక్కించదు!

తడ పక్కనే ఉన్న శ్రీసిటీ కావచ్చు, హైవే ఎక్కితే వచ్చే చెన్నై కావచ్చు.. ఫ్రెషర్ల డ్రైవ్ అనగానే చాలాచోట్ల ముందు అడిగేది ‘సీజీపీఏ ఎంత?’ అనే. కటాఫ్ 7 అంటే, 6.9 ఉన్నవాళ్లకి టెస్ట్ రాసే ఛాన్స్ కూడా ఉండదు. మరి ఆ అంకె ఎలా వస్తుందో చూద్దామా?

పదో తరగతిలో జీపీఏ ఇచ్చిన రోజుల్లో లెక్క తేలిక. గ్రేడ్ పాయింట్లన్నీ కూడి సబ్జెక్టుల సంఖ్యతో భాగిస్తే చాలు. బీటెక్‌లో అలా కుదరదు. పాయింట్లని క్రెడిట్లతో గుణించి కూడాలి, మొత్తం క్రెడిట్లతో భాగించాలి. యూజీసీ సీబీసీఎస్ మార్గదర్శకాల్లో ఉన్న పద్ధతీ ఇదే.

ఉదాహరణకి..
మ్యాథ్స్: 4 క్రెడిట్లు, 6 పాయింట్లు
ఫిజిక్స్: 3 క్రెడిట్లు, 7 పాయింట్లు
సీ ప్రోగ్రామింగ్: 3 క్రెడిట్లు, 8 పాయింట్లు
రెండు ల్యాబ్‌లు: ఒక్కో క్రెడిట్, పదేసి పాయింట్లు

మామూలు సగటు 41/5, అంటే 8.2. క్రెడిట్లతో చూస్తే 89/12, అంటే 7.42 మాత్రమే! మ్యాథ్స్‌లో ఒక్క గ్రేడు పెరిగితే అదే 7.75 అవుతుంది. ల్యాబ్‌లో ఒక గ్రేడు తగ్గినా పోయేది 0.08 మాత్రమే.

అమెరికాలో ఉన్న మన పిల్లల ‘వెయిటెడ్ జీపీఏ’ వేరు. అక్కడి హైస్కూళ్లలో కష్టమైన కోర్సులకి అదనపు పాయింట్లు కలుపుతారు. అందుకే చాలాచోట్ల అది 4 దాటుతుంది. రెండింటినీ పోల్చకండి.

సెమిస్టర్ మొదలవగానే సిలబస్ కాపీలో క్రెడిట్లు చూడండి. ఎక్కువ క్రెడిట్లున్న సబ్జెక్టుకే ఎక్కువ టైమ్ ఇవ్వండి. రిజల్ట్స్ వచ్చాక చేయడానికి ఏమీ ఉండదు కదా!